అరవైల శబ్దం: ఈనాటి పాప్ పాట దాన్ని ఎలా తయారు చేసుకుంటుంది?

ఇంగ్లిష్ గాయని ఎమీ వైన్‌హౌస్ ఆల్బం 'బ్యాక్ టు బ్లాక్' వచ్చింది 2006లో. అయినా ఆ పేరుగల పాట మొదటి నాలుగైదు సెకన్లు వినిపిస్తే చాలు, సంగీతంతో పెద్దగా పరిచయం లేనివాళ్లు కూడా "ఇదేదో పాత పాటలా ఉందే" అంటారు. రాగం పాతదా? వాయిద్యాలు పాతవా? గొంతులోనే ఆ పాతదనం ఉందా? వీటన్నిటినీ కలిపి 'రెట్రో' (పాత తరహా) అని ముద్ర వేసేసి ఊరుకోవడం మామూలే. కానీ దగ్గరగా చూస్తే ఇందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి. పాటను కట్టిన తీరు ఒకటి, దాన్ని రికార్డు చేసిన తీరు ఇంకొకటి, అరువు తెచ్చుకున్నది ఎవరి సొత్తు అన్నది మూడోది.

చెవికి అరవైల వాసన తగిలించేది ముఖ్యంగా రెండోది. అప్పటి గిటారు కొని, అప్పటి కార్డులు (కలిసి మోగే స్వరాల గుంపులు) వాయించి, ఇప్పటి పద్ధతిలో రికార్డు చేస్తే వేషం కుదురుతుంది గానీ గొంతు కుదరదు. ఆనాటి స్టూడియోలకు ఏవి చేతకాలేదో వాటిలోంచే ఆ శబ్దం పుట్టింది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే.

పాట అల్లిక

ముందు తేలికైనది చూద్దాం. షడ్జమం మీద నిండుగా మోగే మేజర్ కార్డు, ధైవతం మీద దిగులుగా మోగే మైనర్, మధ్యమం మీద మేజర్, పంచమం మీద మేజర్. ఈ నాలుగూ వరుసగా తిరుగుతుంటే యాభైల చివర, అరవైల మొదట వచ్చిన అమెరికన్ పాటలు ఎన్నో గుర్తుకొస్తాయి. బెన్ ఇ. కింగ్ పాడిన 'స్టాండ్ బై మీ' (1961) అందరికీ తెలిసిన నమూనా. ఇంకో గుర్తు బీటిల్స్ పాటల్లో తరచు వినపడుతుంది: మధ్యమం మీది మేజర్ కార్డు ఉన్నట్టుండి మైనర్ అయి, అక్కణ్ణుంచి షడ్జమానికి వస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే చతుశ్రుతి ధైవతం శుద్ధ ధైవతంగా మారి పంచమం మీదకు జారుతుంది. ఆ అర స్వరం జారుడులోనే ఆ దిగులంతా ఉంది.

తాళం విషయంలో రెండు ముద్రలు తెలిస్తే సగం పాటలను గుర్తు పట్టవచ్చు. మొదటిది రోనెట్స్ పాడిన 'బి మై బేబీ' (1963) మొదట్లో డ్రమ్మర్ హాల్ బ్లెయిన్ వాయించినది. నాలుగు దెబ్బల ఆవర్తంలో కిక్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) ఒకటో దెబ్బ మీద, రెండున్నర మీద, మూడు మీద పడుతుంది. నాలుగో దెబ్బకు మాత్రమే స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్) పేలుతుంది. మామూలు పాప్ పాటలో రెండో దెబ్బకూ స్నేర్ ఉంటుంది. ఇక్కడ అది లేకపోవడం వల్లే నాలుగో దెబ్బ కోసం ఎదురుచూస్తాం. రెండోది డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీది: నాలుగు దెబ్బలకూ స్నేర్ కొట్టడం. ఫోర్ టాప్స్ పాడిన 'ఐ కాంట్ హెల్ప్ మైసెల్ఫ్' (1965) వింటే తెలిసిపోతుంది. కారు రేడియోలోనైనా, గోల గోలగా ఉన్న హాల్లోనైనా తాళం తప్పిపోకుండా ఉండేందుకు అది పనికొచ్చింది. సుప్రీమ్స్ పాడిన 'యు కాంట్ హరీ లవ్' (1966)లోని లయనైతే తర్వాత ఎంతమంది వాడుకున్నారో లెక్కే లేదు.

నిడివి కూడా ఒక గుర్తే. నిమిషానికి 45 చుట్లు తిరిగే ఏడంగుళాల రికార్డు, రెండున్నర నిమిషాలకు మించితే మొహం చిట్లించే రేడియో స్టేషన్లు. ఉపోద్ఘాతం ఎనిమిది సెకన్లు దాటకుండా, రెండో చరణం అయ్యాక కొత్త మలుపు ఒకటి, చివర మెల్లగా తగ్గిపోయే ముగింపు. ఇంతే.

నాలుగు ట్రాకుల లోకం

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో రెండు వందల ట్రాకులు (విడివిడిగా రికార్డు చేసే వరసలు) తెరిచినా అడిగేవాడు లేడు. బీటిల్స్ తమ మొదటి ఆల్బంలోని ఎక్కువ పాటలను 1963 ఫిబ్రవరి 11న ఒక్కరోజులో రెండు ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. ఆ ఏడాది చివరికి లండన్ ఈఎమ్‌ఐ స్టూడియోలో నాలుగు ట్రాకులు అందాయి. 1967 నాటి 'సార్జంట్ పెప్పర్స్' ఆల్బం కూడా నాలుగు ట్రాకుల యంత్రాల మీదే తయారైంది. డెట్రాయిట్‌లో మోటౌన్ ఇంజినీర్లు అరవైల మధ్యకల్లా ఎనిమిది ట్రాకుల యంత్రాన్ని సొంతంగా కట్టుకుని ముందున్నారు.

ట్రాకులు తక్కువైతే ఏం జరుగుతుంది? డ్రమ్స్, బేస్ (మంద్రస్వరాల గిటారు), గిటారు అన్నీ ఒకే ట్రాకులో ఎక్కాలి. అంటే డ్రమ్స్ ఎంత, గిటారు ఎంత అన్నది వాయిస్తున్నప్పుడే తేలిపోవాలి. తర్వాత విడదీయడం కుదరదు. నాలుగు నిండితే వాటిని కలిపి ఇంకో యంత్రంలో ఒకటి రెండు ట్రాకులకు దించి, మిగిలిన చోట కొత్తవి పాడతారు. ఇలా దించిన ప్రతిసారీ టేపు చప్పుడు (హిస్) పెరుగుతుంది. మొదటి టేపులో ఎంత హిస్ ఉందో రెండోదాంట్లోనూ అంతే ఉంటే మొత్తం 3 డెసిబెల్స్ ఎక్కువవుతుంది. తారస్థాయి శబ్దాలు కొంచెం మొద్దుబారతాయి. ముందుగా రికార్డు చేసిన డ్రమ్స్, బేస్ రెండు మూడు తరాల కాపీలు దాటి వస్తే, ఆఖరున పాడిన గొంతు ఒకే తరంలో ఉంటుంది. అందుకే ఆ పాటల్లో వాద్యాలు కాస్త వెనక్కి, మెత్తగా, గొంతు ముందుకు, స్పష్టంగా వినపడుతుంది. ఎవరూ కూర్చుని పథకం వేసినది కాదు, టేపు చేసిన పని.

మద్రాసు స్టూడియోల్లో ఘంటసాల, సుశీల పాడిన రోజుల్లోనూ దాదాపు ఇదే పరిస్థితి. వాద్యబృందం, గాయకులు కలిసి ఒకే ధాటిగా చేసేవాళ్లు. చివరి చరణంలో ఒక్క వయొలిన్ తప్పినా మళ్లీ మొదటికి రావలసిందే. ఆనాటి తెలుగు పాటల్లో ఉన్న నిండుతనానికి ఈ పద్ధతి కూడా ఒక కారణం.

గది కూడా ఒక వాయిద్యమే

లాస్ ఏంజెలిస్‌లోని గోల్డ్‌స్టార్ స్టూడియోలో నిర్మాత ఫిల్ స్పెక్టర్ చేసిన పనిని 'శబ్దపు గోడ' అంటారు. దాని వంటకం చెప్పడానికి చాలా తేలిక: ఒకే స్వరాన్ని మూడు నాలుగు గిటార్లు, రెండు మూడు పియానోలు, రెండు బేస్‌లు కలిసి వాయించాలి. అందరూ ఒకే గదిలో, ఒకరి శబ్దం ఇంకొకరి మైకులోకి పారుతూ ఉండాలి. ప్రతి వాయిద్యం శ్రుతిలో, సమయంలో వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది. అవన్నీ కలిసినప్పుడు ఏది గిటారో ఏది పియానోనో తెలియని మూడో వాయిద్యం ఒకటి పుట్టినట్టుంటుంది. పైగా ఆ మొత్తాన్ని ఎకో ఛాంబర్‌లోకి, అంటే గోడలకు గట్టిగా సిమెంటు పూత పూసిన ఖాళీ గదిలోకి స్పీకరు ద్వారా పంపి, అక్కడ పెట్టిన మైకుతో వెనక్కి తీసుకునేవాళ్లు.

కంప్యూటర్‌లో దీన్ని చేయబోయేవాళ్లు సాధారణంగా ఒకే గిటారు ట్రాకును ఆరుసార్లు కాపీ చేస్తారు. దానివల్ల శబ్దం పెరుగుతుంది తప్ప గోడ లేవదు, ఎందుకంటే ఆరూ ఒకటే. ఆరుసార్లు విడిగా వాయించాలి, వీలైతే రెండు మూడు వేర్వేరు గిటార్లతో. మైకును ప్రతిసారీ ఒక అడుగు జరపాలి, కొన్నిసార్లు ఆరడుగుల దూరానికి తీసుకెళ్లాలి. తర్వాత వాటినన్నిటినీ ఒకే రివర్బ్‌కు (గది మోతను తెచ్చే ఏర్పాటుకు) పంపాలి. ఒక్కో ట్రాకుకు ఒక్కో రివర్బ్ పెడితే ఆరు గదులు వినపడతాయి. అక్కడితో మాయ చెడిపోతుంది.

మోటౌన్ దారి వేరు. డెట్రాయిట్ వెస్ట్ గ్రాండ్ బూలవార్డులోని 2648 నంబరు ఇంట్లో ఉన్న ఆ చిన్న స్టూడియోను వాయించేవాళ్లు పాముల గుంట అని పిలిచేవాళ్లు. అక్కడ గిటార్లూ బేసూ ఆంప్లిఫయర్ లేకుండా నేరుగా మిక్సర్‌లోకి వెళ్లేవి. ఎకో ఛాంబర్ అటక మీద. మిక్సింగ్ అయ్యాక కారు రేడియో సైజు చిన్న స్పీకరులో వినిపించి చూసుకునేవాళ్లు. ఆ స్పీకరులో కొట్టొచ్చినట్టు వినపడనిది పాటలో ఉన్నా లేనట్టే.

వైన్‌హౌస్ ఆల్బంకు వద్దాం. నిర్మాత మార్క్ రాన్సన్ తన వంతు పాటలకు న్యూయార్క్ బృందం డ్యాప్-కింగ్స్‌ను పిలిచాడు. వీళ్లది డ్యాప్‌టోన్ అనే చిన్న రికార్డు కంపెనీ. స్టూడియో బ్రూక్లిన్‌లోని బుష్‌విక్‌లో ఒక పాత ఇంట్లో. గేబ్రియెల్ రోత్ అక్కడ ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం మీద, వాయించేవాళ్లందరినీ దగ్గర దగ్గరగా కూర్చోబెట్టి రికార్డు చేసేవాడు. ఎనిమిది ట్రాకులే అన్న నియమం పెట్టుకోవడం వల్ల డ్రమ్స్‌కు పది మైకులు పెట్టే ప్రశ్నే రాదు. ఒకటో రెండో మైకులతో సరిపెట్టాలి, దాంతో మైకు ఎక్కడ పెట్టాలో వెతుక్కోక తప్పదు. గాయని షారన్ జోన్స్ పాటలూ ఇదే బృందంతో, ఇదే పద్ధతిలో వచ్చినవే. రాన్సన్ ఆ శబ్దాన్ని అనుకరించే ప్రయత్నం చేయకుండా, ఆ శబ్దాన్ని తయారుచేసే మనుషుల దగ్గరకే వెళ్లాడు. ఆ ఆల్బం మీద ఇంతమంది ఇన్ని రాశారు కానీ, ఈ ఒక్క నిర్ణయమే సగం పని చేసిందని నా అభిప్రాయం.

డ్రమ్స్, బేస్, తంబురిన్

ఇప్పుడు చేతిపని. ఇంట్లోనో చిన్న స్టూడియోలోనో ఈ శబ్దం కావాలంటే మొదట డ్రమ్స్ దగ్గర నాద వ్యవధిని తగ్గించాలి. రింగో స్టార్ డ్రమ్స్ మీద వంటింటి తువ్వాళ్లు కప్పేవాడు. 1966లో ఇంజినీరు జెఫ్ ఎమరిక్ కిక్ డ్రమ్ లోపల ఉన్ని స్వెట్టరు కుక్కాడు. స్నేర్ మీద పల్చటి నూలు గుడ్డ సగం వరకు, టామ్‌ల (పక్కనుండే డ్రమ్స్) మీద పూర్తిగా పరిచి వాయించి చూడండి. మరీ దళసరి తువ్వాలు వేస్తే అట్టపెట్టె కొట్టినట్టుంటుంది, అప్పుడు గుడ్డను అంచుకు జరపాలి.

మైకులకు అరవైల చివర్లో ఇంజినీరు గ్లిన్ జాన్స్ వాడిన పద్ధతి ఇప్పటికీ సులువు. ఒక మైకు స్నేర్‌కు నేరుగా పైన సుమారు మీటరు ఎత్తులో. రెండోది ఫ్లోర్ టామ్ (నేల మీద నిలిపే టామ్) పక్క నుంచి, ఆ టామ్ మీదుగా స్నేర్ వైపు చూస్తూ. కిక్ ముందు ఒకటి, కావాలంటే స్నేర్ దగ్గర ఇంకొకటి. మొదటి రెండు మైకులూ స్నేర్ మధ్య బిందువుకు సరిగ్గా ఒకే దూరంలో ఉండాలి. కంటితో అంచనా వేయొద్దు, దారం పట్టి కొలవాలి. దూరాలు తేడా వస్తే ఒకే దెబ్బ రెండు మైకులకు రెండు వేర్వేరు క్షణాల్లో చేరుతుంది. రెండూ కలిపినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి తినేసి స్నేర్ పీలగా, డొల్లగా మారిపోతుంది. ఈక్వలైజర్‌తో దాన్ని బాగు చేయబోతే గంటలు పోతాయి, ఫలితం రాదు.

ఆ తర్వాత కంప్రెషర్, అంటే పెద్ద శబ్దాలను నొక్కి తగ్గించే పరికరం. డ్రమ్స్ అన్నీ కలిసిన ట్రాకు మీద గట్టిగా నొక్కాలి గానీ, అది విడిచిపెట్టే సమయం లయకు సరిపోవాలి. నిమిషానికి 120 దెబ్బల పాటలో ఒక్కో దెబ్బకు అర సెకను. కంప్రెషర్ అంతకంటే ముందే, అంటే 300 మిల్లీసెకన్ల దరిదాపుల్లో, విడిచిపెడితే సింబల్స్ (లోహపు పళ్లేలు) ఊపిరి తీసినట్టు పొంగుతాయి, అదే మనకు కావలసింది. ఆలస్యంగా విడిస్తే తర్వాతి దెబ్బ కూడా నొక్కుకుపోయి డ్రమ్స్ మొత్తం వెనక్కి వెళ్లిపోతాయి. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు చెందిన కెవిన్ పార్కర్, టేమ్ ఇంపాలా పేరుతో చేసిన 'ఇన్నర్‌స్పీకర్' (2010) ఆల్బంలో ఈ పొంగే డ్రమ్స్ ఎంత దూరం వెళ్లగలవో వినవచ్చు.

బేస్ గిటారు విషయంలో పొరపాటు చాలావరకు తీగల దగ్గరే జరుగుతుంది. కొత్త, గరుకు చుట్టుడు తీగలు వేస్తే ఎంత మంచి పాత గిటారైనా ఎనభైల మోత మోగుతుంది. మోటౌన్‌లో జేమ్స్ జేమర్సన్ వాడినవి నునుపు చుట్టుడు తీగలు, అవీ బాగా దళసరివి. తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జి (గిటారు మీద తీగలు ఆనే చోటు) దగ్గర తీగల కింద స్పాంజి ముక్క ఉండేది. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఇవాళ ఎవరైనా చేయగలిగినది: నునుపు తీగలు, బ్రిడ్జికి ఆనించి సెంటీమీటరు మందం స్పాంజి, టోన్ మీటను సగానికి తగ్గించడం, ఆంప్లిఫయర్ లేకుండా నేరుగా రికార్డింగ్. స్పాంజి తీగలను పైకి నెట్టేంత మందంగా ఉంటే శ్రుతి తప్పుతుంది, తీగను ఊరికే తాకితే చాలు. బీటిల్స్ శబ్దం కావాలంటే వేలికి బదులు పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) వాడాలి.

తంబురిన్‌ను (చిరుతాళాలు బిగించిన గుండ్రటి చట్రం) చివర్లో చల్లే కొత్తిమీరలా చూస్తారు గానీ, మోటౌన్ పాటల్లో జాక్ యాష్‌ఫర్డ్ తంబురిన్ స్నేర్‌తో సమానంగా నిలబడింది. దీన్ని మైకుకు దగ్గరగా పెట్టి రికార్డు చేయకూడదు. ఆ పదునైన మోత అన్నిటినీ కప్పేస్తుంది, కంప్రెషర్‌ను అనవసరంగా లాగుతుంది. ఐదారడుగుల దూరంలో నిలబడి, రెండు, నాలుగు దెబ్బలకు స్నేర్‌తో కలిసి వాయించాలి. కంప్యూటర్‌లోని లయ గీతలకు (గ్రిడ్‌కు) అంటించకండి. స్నేర్ కంటే పిసరు ముందో వెనకో పడితేనే రెండూ కలిసి వెడల్పుగా మోగుతాయి.

గొంతు, ఎకో

ఒకే గాయకుడు ఒకే పాటను రెండుసార్లు పాడి కలపడం అప్పట్లో మామూలు. జాన్ లెనన్‌కు రెండోసారి పాడటం విసుగు. అందుకని 1966లో ఈఎమ్‌ఐ ఇంజినీరు కెన్ టౌన్‌సెండ్ రెండు టేపు యంత్రాలను జతచేసి, ఒకే గొంతును రెండుగా వినిపించే ఏర్పాటు కనిపెట్టాడు. ఈనాటి డిలే ప్లగ్ఇన్‌తో (శబ్దాన్ని ఆలస్యం చేసే సాఫ్ట్‌వేర్‌తో) ఇది చేయవచ్చు: గొంతు కాపీని 20 నుంచి 40 మిల్లీసెకన్లు వెనక్కి జరపాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ఫలితంగా రేకు డబ్బాలో పాడినట్టు వస్తుంది. కారణం, ఆలస్యం కదలకుండా ఉంటే ఎప్పుడూ అవే పౌనఃపున్యాలు రద్దవుతుంటాయి. టౌన్‌సెండ్ యంత్రంలో టేపు వేగాన్ని చేత్తో తిప్పుతూ ఉండేవాళ్లు కాబట్టి ఆ ఆలస్యం నిలకడగా ఉండేది కాదు. మీరూ దాన్ని మూడు నాలుగు మిల్లీసెకన్ల మేర నెమ్మదిగా, క్రమం లేకుండా అటూ ఇటూ కదపాలి. ఆటో-ట్యూన్ (శ్రుతిని దిద్దే సాఫ్ట్‌వేర్) మాత్రం పెట్టొద్దు. రెండు గొంతుల శ్రుతీ గీత గీసినట్టు కలిసిపోతే అవి రెండన్న సంగతే తెలియదు.

ఎకో గదిలోకి వెళ్లే ముందు శబ్దాన్ని టేపు మీద కాస్త ఆలస్యం చేసేవాళ్లు. సెకనుకు 15 అంగుళాల వేగంతో నడిచే టేపు మీద రికార్డు తలకు, ప్లే తలకు మధ్య రెండంగుళాల ఎడం ఉంటే ఆలస్యం 133 మిల్లీసెకన్లు. వేగం సగానికి తగ్గిస్తే 267. ఎడం యంత్రాన్ని బట్టి మారుతుంది, లెక్క మాత్రం ఇదే. దీనివల్ల గాయని పలికిన అక్షరం ముందు పొడిగా, స్పష్టంగా వినపడి, తర్వాత గది మోగుతుంది. రివర్బ్ ప్లగ్ఇన్‌లో ప్రీ-డిలే అనే మీటకు పని ఇదే. దాన్ని సున్నా దగ్గర వదిలేస్తే సాహిత్యం బురదలో కూరుకుపోతుంది.

రివర్బ్‌కు పంపే శబ్దంలో 600 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన కోసేయడం ఇంకో పాత అలవాటు. బేస్, కిక్ ఎకోలోకి పోవు, స-శ-ష ల బుసలు గదిలో తిరగవు. అప్పటి ప్లేట్ రివర్బ్ అంటే జర్మన్ కంపెనీ ఈఎమ్‌టీ 1957లో తెచ్చిన 140 మోడల్: పెద్ద ఉక్కు రేకును చట్రంలో వేలాడదీసి మోగించే యంత్రం, బరువు సుమారు 270 కిలోలు. ఇప్పుడు దాని నకలు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. నకలు బాగానే ఉంటుంది, కానీ మోత రెండు సెకన్లు దాటనివ్వకండి.

టేపు ప్లగ్ఇన్‌ల గురించి ఒక మాట. వాటిని ప్రతి ట్రాకు మీద పెడితే అరవైలు రావు, మసక వస్తుంది. డ్రమ్స్ గుంపు మీద ఒకటి, మొత్తం మిక్స్ మీద ఒకటి చాలు.

తంబురా, మెలోట్రాన్, మత్తు

1966 తర్వాతి దారి వేరు. స్టూడియోను ఉన్నదున్నట్టు పట్టే పరికరంగా కాక, లేనిదాన్ని పుట్టించే పరికరంగా వాడటం అప్పుడు మొదలైంది. బీటిల్స్ 'టుమారో నెవర్ నోస్' (1966) దాదాపు మొత్తం ఒకే కార్డు మీద నడుస్తుంది, కింద తంబురా శ్రుతి, పైన టేపు ముక్కలు. లెనన్ గొంతును కొంత భాగంలో తిరిగే లెస్లీ స్పీకరులోంచి పంపారు. ఒక శ్రుతి మీద నిలబడి మనోధర్మం సాగించడం మనకు కొత్త కాదు గనక, ఈ పాట మన చెవికి మొదటిసారే దగ్గరగా అనిపిస్తుంది.

వేగం మార్చడం అప్పటి పెద్ద ఆయుధం. టేపును సుమారు 6 శాతం వేగంగా తిప్పితే అర స్వరం పైకి వెళుతుంది, సగం వేగంతో రికార్డు చేసి మామూలుగా తిప్పితే ఒక స్థాయి పైకి. 'ఇన్ మై లైఫ్' (1965)లో జార్జ్ మార్టిన్ పియానో అలా చేసినదే. అందుకే అది హార్ప్‌సికార్డ్‌లా చిటపటలాడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో శ్రుతి ఒక్కటే మార్చి వేగాన్ని అలాగే ఉంచే సౌకర్యం ఉంది. ఇక్కడ దాన్ని వాడకూడదు. టేపులో రెండూ కలిసే మారతాయి, వాటితో పాటు గొంతు లక్షణమూ మారుతుంది.

మెలోట్రాన్ అనే కీబోర్డులో ప్రతి మీట కింద ఒక టేపు ముక్క ఉంటుంది, సుమారు 8 సెకన్లకు అయిపోతుంది. 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' (1967) మొదట వినిపించే వేణువు అదే. ఇవాళ్టి నకళ్లలో స్వరాన్ని నిమిషం పాటు పట్టుకోగలం, పట్టుకుంటే మాత్రం వెంటనే అబద్ధం బయటపడుతుంది.

సితార్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. 1965లో 'నార్వీజియన్ వుడ్'లో జార్జ్ హారిసన్ వాయించినప్పటి నుంచి అది పాప్ పాటలో తగిలించే తోరణం అయిపోయింది. 1967 ప్రాంతంలో వచ్చిన కోరల్ ఎలక్ట్రిక్ సితార్ అసలు సితారే కాదు. అది గిటారే, వెడల్పాటి చదును బ్రిడ్జి మీద తీగ రాసుకుని జుంయ్‌మంటుంది. మన తంబురాకు జీవాళి దారం పెట్టి తెప్పించే మోత సూత్రమే అది. ఇప్పుడు రెట్రో పాటల్లో వినపడేది ఎక్కువగా ఈ కోరల్ శబ్దమే. పాట మధ్యలో రెండు ఆవర్తాలు వాయించి వదిలేస్తే, శ్రుతి లేని చోట గమకం వేసినట్టు వేలాడుతూ ఉంటుంది. వాడితే కింద శ్రుతిని నిలపాలి, లేదంటే మానేయాలి.

ఇవాళ్టివాళ్లు కాపీ కొట్టనివి

'బ్యాక్ టు బ్లాక్'నూ నిజమైన 1963 రికార్డునూ పక్క పక్కన పెడితే తేడా మొదట మంద్రంలో తెలుస్తుంది. అప్పట్లో బేస్ ఎక్కువైతే రికార్డు మీద గాడి మరీ మెలికలు తిరిగి సూది ఎగిరేది, అందుకని అడుగు శబ్దాన్ని కోసేవాళ్లు. రాన్సన్ డీజేగా మొదలైనవాడు, హిప్‌హాప్ విన్నవాడు. అతని కిక్ డ్రమ్ అరవైల కిక్ కంటే లోతుగా, ముందుగా ఉంటుంది. వాయించినవాళ్లు ఒక గదిలో కలిసి వాయించినా, తీగవాద్యాలు లండన్‌లో విడిగా చేరాయి. సాహిత్యమైతే పూర్తిగా 2006దే. ఆ మాటలను 1963లో ఏ రేడియో స్టేషనూ వేసేది కాదు.

2008లో గాయని డఫీ, 2015లో గాయకుడు లియోన్ బ్రిడ్జెస్ ఇంకా నియమంగా పాత దారిలో నడిచారు. బ్రిడ్జెస్ మొదటి ఆల్బం శబ్దం నిర్దుష్టం. కానీ రెండోసారి వింటే మాత్రం అరవైల గాయకుడు శామ్ కుక్ రికార్డుకే చెయ్యి పోతుంది. తర్వాత అతనే ఆ దారి వదిలి వేరే శబ్దాల వైపు వెళ్లాడు, మంచి పని చేశాడు.

మోనోనూ (కుడిఎడమల తేడా లేకుండా శబ్దమంతా ఒకటిగా రావడాన్ని) ఎవరూ పూర్తిగా తిరిగి తేరు. అయినా మిక్సింగ్ మొదటి గంటంతా మోనోలో, ఒకే చిన్న స్పీకరులో చేయడం అరవైల శబ్దానికి దగ్గర దారి. స్టీరియోలో కుడిఎడమలకు తోసేసి దాచుకున్న గొడవలన్నీ మోనోలో బయటపడతాయి. అక్కడ స్పష్టంగా వినపడితే స్టీరియోకు మార్చాక డ్రమ్స్ మొత్తాన్ని ఒక పక్కకు, తీగవాద్యాలను ఇంకో పక్కకు తోసినా పాట నిలబడుతుంది.

ఎవరి సొత్తు

ఒక పాటలో హక్కులు రెండు: బాణీ, మాటల మీద ఒకటి, ఫలానా రికార్డింగ్ మీద ఇంకొకటి. పాత రికార్డు ముక్కను కోసి వాడితే రెండింటికీ అనుమతి కావాలి. బాణీని మళ్లీ వాయించుకుంటే మొదటిదానికి మాత్రమే. వైన్‌హౌస్ 'టియర్స్ డ్రై ఆన్ దెయిర్ ఓన్' వెనక వినపడేది 1967లో మార్విన్ గే, టామీ టెరెల్ పాడిన 'ఎయింట్ నో మౌంటెన్ హై ఎనఫ్' కార్డులు, కట్టుబడి. వాటిని కొత్తగా వాయించారు, ఆ పాట రాసిన యాష్‌ఫర్డ్, సింప్సన్‌లకు రచయితల వరసలో పేరిచ్చారు. సక్రమమైన పద్ధతి అది.

తప్పితే ఏమవుతుందో ద వర్వ్ బృందానికి తెలిసొచ్చింది. 1997లో వాళ్ల 'బిటర్ స్వీట్ సింఫనీ' కోసం ఆండ్రూ ఓల్డమ్ ఆర్కెస్ట్రా అరవైల్లో చేసిన రికార్డింగ్ నుంచి తీగవాద్యాల ముక్క తీసుకున్నారు. ఆ రికార్డింగ్ రోలింగ్ స్టోన్స్ వాళ్ల 'ద లాస్ట్ టైమ్' (1965)కు వాద్య రూపం. రికార్డింగ్ హక్కు తెచ్చుకున్నారు గానీ బాణీ హక్కు స్టోన్స్ మాజీ మేనేజర్ అలెన్ క్లెయిన్ కంపెనీ చేతిలో ఉంది. గొడవ ముగిసేసరికి పాట రచయితలుగా స్టోన్స్‌కు చెందిన జాగర్, రిచర్డ్స్ పేర్లు చేరాయి, రాయల్టీ అటు పోయింది. 2019లో గానీ వాళ్లిద్దరూ తమ వాటాను ద వర్వ్ గాయకుడు రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్‌కు తిరిగి ఇవ్వలేదు.

శైలి మీద హక్కు లేదు. నాలుగో దెబ్బకు స్నేర్, నునుపు తీగల బేస్, ప్లేట్ ఎకో ఎవరైనా వాడుకోవచ్చు. కానీ అమెరికాలో 'బ్లర్డ్ లైన్స్' పాట మార్విన్ గే పాటను పోలిందన్న కేసులో 2015 జ్యూరీ తీర్పు గే కుటుంబం వైపు వచ్చాక, 'ఫలానా పాటలా చేద్దాం' అని బాహాటంగా చెప్పుకోవడం తగ్గింది. అమెరికాలో 1957 నుంచి 1972 ఫిబ్రవరి మధ్య వచ్చిన రికార్డింగుల హక్కులు 2067 దాకా ఉంటాయి కనుక, అక్కడ అరవైల ముక్క ఏదీ ఉచితం కాదు.

మన దగ్గర లెక్క వేరు. భారత చట్టం ప్రకారం రికార్డింగ్ హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 1964లో ఇక్కడ విడుదలైన తెలుగు పాట రికార్డింగ్ మీద ఆ హక్కు 2024 చివరితో తీరింది. అలాగని ఆ ముక్కను కోసి కొత్త పాటలో పెట్టేయడానికి వీల్లేదు. బాణీకి, సాహిత్యానికి కట్టినవాళ్లు, రాసినవాళ్లు పోయిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. ఘంటసాల 1974లో పోయారు, ఆయన కట్టిన బాణీల మీద హక్కు 2034 చివరి దాకా నడుస్తుంది. సినిమా పాటకు నిర్మాత, మ్యూజిక్ కంపెనీ ఒప్పందాలు కూడా అడ్డు రావచ్చు. కాబట్టి పాత తెలుగు పాటను వాడుకోదలచినవాళ్లు ముందు రాసుకోవలసినవి మూడు తేదీలు: రికార్డు విడుదలైన ఏడాది, సంగీత దర్శకుడు పోయిన ఏడాది, గీత రచయిత పోయిన ఏడాది.